కొత్త బ్రేకుకు బొట్టు

మా అక్క బండి ఆగాలంటే బ్రేకు మూడుసార్లు తొక్కాలి. మొదటిది బండికి కబురు పెట్టడానికి. రెండోది గుర్తు చేయడానికి. మూడోది ఆపడానికి. దూరంగా ఎర్రలైటు కనబడగానే అక్క తొక్కడం మొదలుపెట్టేది. పక్కన కూర్చున్న నేను కూడా నా కాళ్ళ కింద లేని బ్రేకును ఆమెతో పాటు తొక్కేవాణ్ణి. అలా ఇద్దరం కలిసి ఆ బండిని ఎన్నో ఏళ్ళు ఆపాం.

బండి అంటే కారే. అయితే మామూలు కారుకు డిక్కీ ఉండే చోట దీనికి ఇంటి కప్పులా టాపు చివరిదాకా సాగి, అక్కడ నిటారుగా ఒక తలుపుతో ముగుస్తుంది. కంపెనీ దాన్ని స్టేషన్ వాగన్ అంది. బెంగళూరులో మేముండే యలహంక పాతపేటలో అంత మాట ఎవరికీ పట్టలేదు. కన్నడంలో పొడుగును ఉద్ద అంటారు కాబట్టి ‘ఉద్ద కారు’ అన్నారు. ముందు ముగ్గురు కూర్చునే ఒకటే పొడుగు సీటు. గేరు కింద ఉండదు, స్టీరింగు పక్కన గొడుగు కర్రలా పొడుచుకుని ఉంటుంది. మా బావ పట్టునూలు వ్యాపారం కోసం కొన్న బండి అది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇళ్ళకు నూలు తీసుకుపోవడం, నేసిన చీరలు తీసుకురావడం దాని పని.

బావ పోయినప్పుడు వ్యాపారం అమ్మేస్తుందనుకున్నాం. అక్క పన్నెండు రోజుల్లో బండి నేర్చుకుంది. ఇది ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పటి నుంచి ప్రతి గురువారం ఉద్ద కారు నిండా నూలు వేసుకుని తెల్లారగానే బయలుదేరుతుంది, సాయంత్రానికి చీరలతో వస్తుంది. వ్యాపారం ఇప్పుడు పేరుకే. కానీ ఆ ఊళ్ళో తొమ్మిది ఇళ్ళలో మగ్గం పక్కన ఆమెకు ఒక పీట ఉంది. ఏ ఇంట్లో కాఫీలో చక్కెర ఎక్కువ వేస్తారో, ఏ కోడలు అత్తకు తెలియకుండా చిట్టీ కడుతోందో ఆమెకు తెలుసు. వారంలో మిగతా ఆరు రోజులు ఆమె మాటల్లో చెప్పాలంటే ‘గురువారానికి కాచుకునే దినాలు’.

నేను దినపత్రిక డెస్కు నుంచి రిటైరయ్యాక గురువారాలు ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. బండిలో నా పని వెనక తలుపు సరిగా పడిందో లేదో చూడడం, ఇందాక చెప్పినట్టు బ్రేకు తొక్కడం.

ఒక గురువారం సిగ్నల్ దగ్గర మూడో తొక్కుడు కూడా పనిచేయలేదు. అక్క నాలుగోది తొక్కింది, నేను ఐదోది తొక్కాను. ఉద్ద కారు ఏ తొందరా లేకుండా నింపాదిగా వెళ్ళి, అలసిపోయిన మనిషి గోడకు ఆనుకున్నట్టు, ముందున్న సిటీ బస్సుకు ఆనుకుని ఆగింది. బస్సుకు గీత కూడా పడలేదు. కండక్టరు దిగి వచ్చి, అక్కను చూసి, బండిని చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏనమ్మా, నమ్మ బస్సు తళ్తా ఇద్దీరా?”

మా బస్సును తోస్తున్నారా అని అడగడం అది. అక్క కిటికీలోంచి తల బయటికి పెట్టి, “నీ బస్సు కదల్లేదని తోసినా లేప్పా,” అని తెలుగులోనే జవాబిచ్చింది. బస్సు వెనక సీట్లో ఉన్న ఒకాయన ఇదంతా ఫోనులో పట్టాడు. మధ్యాహ్నానికి అది ఆమె కొడుకు ఫోనుకు చేరింది.

మా మేనల్లుడికి ముప్పైనాలుగేళ్ళు. ఎయిర్‌పోర్టు దారిలో ఒక ఆఫీసులో పని. మంచివాడు, భయస్తుడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాడు, లిఫ్టు ఎక్కితే ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో ముందుగా చూసుకుంటాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చెయ్యి చాపాడు.

“అమ్మా, తాళం ఇయ్యి.”

“ఏంటికప్పా?”

“గురువారం గురువారం నేను యాప్‌లో క్యాబ్ బుక్ చేస్తా. ఏసీలో హ్యాపీగా కూచోని పో.”

“క్యాబులో నూలు ఎత్తుతాడా? తొమ్మిదిండ్ల ముందర నిలపతాడా? నేను కాఫీ తాగేదాకా ఉంటాడా వాడు?”

“వెయిటింగ్ పెడ్తామ్మా. డెబ్బై ఏండ్లు నీకు. బస్సు కాబట్టి సరిపోయింది. అదే స్కూటరైతే?”

స్కూటరు మాట వినగానే అక్క చెయ్యి కంచంలో ఆగింది. నేను కల్పించుకుని, తప్పు మనిషిది కాదు, పాత బ్రేకులది అన్నాను. అయితే మార్చండి అన్నాడు మేనల్లుడు. మాట మీద మాట పెరిగి చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బండికి కొత్తకాలపు ఇంజను, గేర్లు, బ్రేకులు వేయించాలి. తరువాత కొడుకును ఎక్కించుకుని అక్క దొడ్డబళ్ళాపురం దాకా పోయి రావాలి. ఏ తప్పూ జరగకపోతే తాళం ఆమెదే, వాడు మళ్ళీ నోరెత్తకూడదు. ఒక్కటి జరిగినా తాళం వాడిది.

“ఒప్పుకుంటి,” అంది అక్క, అందరికన్నా ముందు. మజ్జిగ పోసుకుంటున్న గ్లాసు మాత్రం నిండి పొర్లింది.

మెకానిక్ షెడ్డు పాతపేట వెనక సందులో ఉంది. కదిరి దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ళ కిందట వచ్చినాయన. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, టాపు మీద అరచేత్తో కొట్టి చూసి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

“సార్, బాడీ గట్టిది. ఇట్లాంటి రేకు ఇప్పుడు రాదు. లోపల సామాన్లే ముసలైపోయినాయి. గుండె మార్చొచ్చు, మోకాళ్ళు మార్చొచ్చు. కొంచెం టైమ్ ఇయ్యండి.”

గుండె కె.ఆర్.పురం పాతసామాన్ల యార్డులో దొరికింది. లారీ వెనక నుంచి గుద్దిన ఒక కొత్త కారు అది. వెనక భాగం అప్పడంలా ఉంది, ముందు భాగానికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. దాని ఇంజను, ఐదు గేర్ల పెట్టె, బ్రేకులు విప్పించి ట్రాలీలో తెచ్చాం. ఇంజను మార్చడానికి రవాణా శాఖ అనుమతి కావాలి. ఆ కాగితాల పని నేను తీసుకున్నాను. నలభై ఏళ్ళు పత్రిక పని మీద ఆ ఆఫీసు మెట్లు ఎక్కినవాణ్ణి, దరఖాస్తుదారుగా ఎక్కినప్పుడే అవి ఎన్ని మెట్లో లెక్క తెలిసింది.

పాత ఇంజను బయటికి తీసిన రోజు అక్క దాన్ని ఇంటికి తెమ్మంది. ఏం చేసుకుంటావని కొడుకు అడిగితే, “ముప్పై ఏండ్లు మోసింది, రోడ్డున పారేస్తామా?” అంది. ఇప్పుడది పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఉంది. దాని మీద పిండిన దుప్పట్లు పెడుతున్నారు. కొత్త ఇంజను దాని సగం కూడా లేదు. దాన్ని దింపాక బానెట్ కింద చుట్టూ ఖాళీ మిగిలింది. “ఇంకో ఇద్దరు పాసింజర్లను ఎక్కించొచ్చమ్మా ఈడ,” అన్నాడు మెకానిక్.

గేరు రాడ్డు ఇప్పుడు నేలలోంచి, ముందు సీటు నడుమ నుంచి పైకి వచ్చింది. స్టీరింగు పక్కన ఉన్న పాత గొడుగుకర్ర ఇక దేనికీ పనికిరాదు. తీసేస్తానంటే అక్క ఒప్పుకోలేదు.

“ఉండనియ్యప్పా. నీకేం అడ్డం?”

“దానికి కనెక్షనే లేదు కదమ్మా.”

“మా ఇంట్లో శానామందికి లేదు. పెట్టుకోని ఉండాం గదా.”

అంటూ ఆమె నా వైపు ఎందుకు చూసిందో నేను అడగలేదు.

అన్నిటికన్నా మెకానిక్ ముచ్చటపడింది ముందు చక్రాల బ్రేకులకు. పాత బ్రేకు డ్రమ్ము లోపల దాక్కుని ఉండేది. కొత్తది బయటికే కనిపిస్తుంది. చక్రంతో పాటు తిరిగే ఒక ఇనుప పళ్ళెం, దాన్ని రెండు వైపుల నుంచి పట్టుకునే రెండు బిళ్ళలు. కాలుకు సాయంగా ఇంజను పీల్చే గాలితో పనిచేసే ఒక గుండ్రటి డబ్బా కూడా పెట్టాడు. “మీరు బొటనవేలు ఆనిస్తే చాలమ్మా, మిగతాది అదే చూసుకుంటుంది,” అని అక్కకు చెప్పాడు.

అక్క నమ్మలేదు. ముప్పై ఏళ్ళు ఒంటి బరువంతా వేసి తొక్కినావిడ. ఇళ్ళు కట్టని ఒక లేఅవుట్లో మొదటిసారి నడిపినప్పుడు అలవాటు ప్రకారం మొత్తం కాలు దించింది. బండి ఉన్నచోట ఉన్నట్టే నిలబడింది. మెకానిక్ అద్దం మీదికి పోయాడు, అతని చొక్కా జేబులోని స్క్రూడ్రైవరు ఇంకా ముందుకు పోయింది. వెనక సీట్లో ఉన్న నేను ముందు సీటుకు వచ్చేశాను, తలుపు తీయకుండానే.

“బొటనవేలు అన్నాను కదమ్మా,” అన్నాడు మెకానిక్ ముక్కు తడుముకుంటూ.

“ఆనిస్తినే.”

గేరు ఇంకో కథ. ఎడమచెయ్యి తనంతట తాను పాత కర్ర మీదికి పోయేది, లాగేది, ఏమీ జరిగేది కాదు. ఇంజను రంకెలు వేసేది. మూడు సాయంత్రాలు సాధన చేశాక చెయ్యి కొత్తచోటు నేర్చుకుంది, కాలు మెత్తబడింది. మూడో రోజు దారి మధ్యలో ఒక టెంకాయ పెట్టించి, దానికి జానెడు దూరంలో బండి ఆపింది. దిగి వెళ్ళి జానతో కొలిచి చూసుకుంది కూడా. ఆ రాత్రి కొడుకుతో, “దసరా అయినాక శనివారం పెట్టుకుందామప్పా పరీక్ష,” అంది. పెళ్ళి ముహూర్తం చెప్పినంత ధీమాగా.

ఇక్కడిదాకా జరిగినదాంట్లో నా చెయ్యి ఏమీ లేదు. ఇకపై ఉంది.

ఆయుధపూజ నాడు బెంగళూరులో ప్రతి చక్రానికీ పండుగే. మెకానిక్ షెడ్డు కడిగి, పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ పలక మీద వరుసగా పేర్చి విభూతి పెట్టాడు. పూజ ఎక్కిన పనిముట్లను మరునాటిదాకా ఎవరూ ముట్టుకోరు. ఉద్ద కారుకు అరటి పిలకలు కట్టాడు. అక్క వస్తోందని ఎడమ ముందు చక్రాన్ని కావాలనే విప్పి పెట్టాడు. ఇంత మంచి బ్రేకును చక్రం వెనక దాచడం అతనికి మనసొప్పలేదు. కుడి పక్క గోడ ఉంది కాబట్టి అటు విప్పలేదు. మేము వెళ్ళేసరికి పక్క షాపులకు బొరుగులు, బెల్లం పంచడానికి పోయాడు.

అక్క హారతి పళ్ళెం నా చేతికిచ్చింది. “కొత్తవన్నిటికీ బొట్టు పెట్టురా. నాకు వంగేకి కాదు.”

ఇంజనుకు పెట్టాను, గేరు రాడ్డుకు, గాలి డబ్బాకు పెట్టాను. ఇనుప పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి కుంకుమ నిలవలేదు. అద్దంలా నున్నగా ఉంది, పెట్టిన బొట్టు పెట్టినట్టే రాలిపోతోంది. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. దీపపు కుందిలో బొటనవేలు ముంచి, ఆ నూనెతో కుంకుమ కలిపి పెట్టాను. చక్కగా అంటుకుంది. అయితే ఆ బొట్టు బిళ్ళల పక్కన, పైకి పడింది. ఫోటోలో సరిగా రాదు. పళ్ళేన్ని చేత్తో తిప్పి చూశాను, వెన్నలా తిరిగింది. బొట్టు బిళ్ళల నడుమకు పోయి మళ్ళీ బయటికి రాలేదు. ఇంకొకటి పెట్టాను. దాన్ని ఎదురుగా తెద్దామని తిప్పితే అదీ లోపలికే పోయింది. అలా నాలుగు పోయాక ఐదోది నాకు కావలసిన చోట, నడినొసటన పెట్టినట్టు కుదిరింది. ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ‘కొత్త బ్రేకుకు తొలి బొట్టు’ అని కింద రాశాను. శీర్షికలు పెట్టడం నలభై ఏళ్ళ అలవాటు.

మెకానిక్ తిరిగి వచ్చి, ఎర్రగా మెరుస్తున్న ఆ ఒక్క బొట్టును చూసి నవ్వాడు. మరునాడు గుడ్డతో తుడిచేసి చక్రం బిగించాడు. బ్రేకులు పోయిన వారమే పరీక్షించి ఉన్నాయి, టెంకాయ సాక్షిగా. మళ్ళీ చూడవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

శనివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉన్నాయి. కుంకుమ పోసి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయల ముక్కలు అక్కడక్కడా ఎర్రగా పడి ఉన్నాయి. మేనల్లుడు తన బైకు హెల్మెట్ పెట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

“కార్లో హెల్మెట్ ఏందప్పా?”

“ఊరికేనమ్మా. తల చల్లగా ఉంటాది.”

అక్క తాళం తిప్పింది. పాత రోజుల్లో ఇంజను దగ్గి, తుమ్మి, ఆలోచించుకుని లేచేది. ఇప్పుడు లేచిందో లేదో తెలుసుకోవడానికి అక్క డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించి చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో గేరులో పడ్డాక ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉంచి, “ఇంకేమన్నా ఉండాదా?” అని అడిగింది. ఇంకేమీ లేవని చెప్పాను. చిన్నబుచ్చుకుంది.

ముందు సిగ్నల్. మేము బస్సును తోసిన సిగ్నలే. ఎర్రలైటు పడింది. అక్క బొటనవేలు ఆనించడం నేను చూశాను, చెప్పులు విడిచి నడిపే అలవాటు ఆమెది. కీచుమని అరిచి బండి ఒక్కసారిగా కుడివైపుకు లాగేసింది. అక్క రెండు చేతులతో స్టీరింగును ఎడమకు గుంజింది, రెండో కాలు కూడా బ్రేకు మీద వేసింది. బండి ముక్కు డివైడరుకు బెత్తెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కన ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

ముందుగా నోరు తెరిచింది మేనల్లుడు. హెల్మెట్ లోపలి నుంచి గొంతు గుడిలో మైకులా వచ్చింది.

“గుమ్మడికాయ మీద జారిండాదేమోమ్మా.”

అక్క వెనక్కి తిరిగి రోడ్డు చూసింది. “యాడుండాది గుమ్మడికాయ? ఆ ముక్క ఆ పక్కనుండాది. నువ్వు నాకోసరం అబద్ధం చెప్పద్దు నాయనా.”

“కాదమ్మా, ఒక్కోసారి...”

“మొన్న ఇదే బండి టెంకాయ ముందర నిలిచింది. బండి అదే, బ్రేకు అదే. తేడా నా కాల్లో ఉండాది.” తాళం తీసి వెనక్కి చాచింది. “మాట మాటే. తీసుకో.”

పందెం గెలిచినవాడి ముఖం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. తాళాన్ని వేడి గిన్నెలా రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అక్క దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నన్ను వెనక్కి పంపి, నా చోట కూర్చుంది. ఆ బండిలో ఆ పక్క ఆమె కూర్చోవడం బావ పోయాక అదే మొదటిసారి. చీర కొంగు నడుముకు దోపుకుని, రోడ్డు వైపు కాకుండా పక్క కిటికీలోంచి చూస్తూ, “ఆ తొమ్మిదిండ్లకూ ఫోన్ చేసి చెప్పల్ల,” అంది మెల్లగా.

మేనల్లుడు హెల్మెట్ తీసి నా ఒళ్ళో పెట్టి, ఎడ్లబండి వేగంతో నడుపుతూ వెనక్కి తిప్పాడు. పాతపేట మలుపు దగ్గర స్పీడ్ బ్రేకరు వచ్చింది. వాడు మెత్తగా బ్రేకు ఆనించాడు. బండి కీచుమంది, కుడికి లాగింది. వాడు గబుక్కున సరిచేసుకున్నాడు. పది గజాలు పోయాక, రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని, కావాలనే ఇంకోసారి ఆనించాడు. మళ్ళీ అంతే.

వాడు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తాళం వాడి దగ్గరే ఉంది. బండి పక్కకు ఆపి, అద్దంలో నన్ను ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, నా కాలు కూడా ముసల్దైపోయిందమ్మా.”

అక్క చాలాసేపు వాడి పాదం వైపు చూసింది. తరువాత తన పాదం చూసుకుంది. “షెడ్డుకు పోనీ,” అంది.

మెకానిక్ జాకీ ఎత్తి ఎడమ చక్రం విప్పాడు. బిళ్ళలు ఊడదీసి వెలుతురుకు పట్టుకున్నాడు. నల్లగా ఉండవలసిన బిళ్ళ ముఖం తాంబూలం వేసుకున్న నోరులా ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“నువ్వుల నూనె,” అన్నాడు. ఇంకోసారి చూసి, “దీపం నూనె.”

పత్రికలో పనిచేసినవాడికి ఇలాంటి సమయానికి చాలా వాక్యాలు సిద్ధంగా ఉంటాయి. విశ్వసనీయ వర్గాల ప్రకారం, తెలియవచ్చింది, పూర్తి వివరాలు అందవలసి ఉంది. అవన్నీ ఒకసారి నా నోటిదాకా వచ్చాయి. అప్పుడు అక్కను చూశాను. టూలు పెట్టె మీద కూర్చుని, పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, అది నిజంగా తన మాట వింటోందా లేదా అని పరీక్షించుకుంటోంది.

“నేనే,” అన్నాను. “కుంకుమ నిలవలేదని నూనె కలిపాను.”

మేనల్లుడు ఫోను తీసి గ్రూపులో నా ఫోటో వెతికాడు. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. “దీంట్లో ఒక్కటే ఉండాదే మామా?”

“అది ఐదోది.”

“మిగతా నాలుగు?”

మెకానిక్ చేతిలోని బిళ్ళను పైకెత్తి చూపించాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, పసిపిల్లవాడికి పొయ్యి గురించి చెప్పినట్టు చెప్పాడు. “సార్, ఇంజనుకు పెట్టండి. బానెట్‌కు పెట్టండి. కావాలంటే నాకు పెట్టండి. పళ్ళేనికి మాత్రం నూనె తగలకూడదు సార్. అది పట్టుకునేది. నూనె ఇడిపించేది. ఒకపక్క పట్టుకొని ఒకపక్క ఇడిపిస్తే బండి యాడికి పోతాది చెప్పండి?”

అక్క ఆడిస్తున్న పాదం ఆగింది. నవ్వు మొదలైంది. మొదట భుజాల్లో, తరువాత పొట్టలో, తరువాత టూలు పెట్టెలోని పానాలన్నీ గలగలమనేలా.

“రేయ్, నలభై ఏండ్లు ఊర్లోవాళ్ళ తప్పులన్నీ పేపర్లో ఏస్తివి గదరా. ఇంటి తప్పు మాత్రం నున్నగా బొట్టు పెట్టి దాచిపెడ్తివే!”

“సవరణ వేస్తానక్కా.”

“యాడ?”

మా పత్రికలో పొరపాటు పడితే మరునాడు లోపలి పేజీ మూలన, కళ్ళద్దాలున్నవాళ్ళకు కూడా కనబడనంత చిన్న అక్షరాలతో సవరణ వేసేవాళ్ళం. ఆ సంగతి అక్కకు తెలుసు. తప్పు ఎంత పెద్దగా వేశావో సవరణ అంత పెద్దగా వేయాలంది. కాబట్టి అదే గ్రూపులో, అదే ఫోటో పక్కన ఎర్రబడ్డ బిళ్ళ ఫోటో పెట్టి, ‘సవరణ: లోపం అక్క కాలులో లేదు, తమ్ముడి బొటనవేలిలో ఉంది’ అని రాశాను. హిందూపురం నుంచి మా పెద్దమ్మ మనుమడు నమస్కారం బొమ్మ పెట్టాడు. అది ఎవరికో తెలియలేదు.

పళ్ళేన్ని శుభ్రం చేసి, రెండు పక్కలా కొత్త బిళ్ళలు వేయడానికి మధ్యాహ్నమైంది. ఈసారి మెకానిక్ తానే సందు చివరిదాకా రెండుసార్లు నడిపి చూశాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ నన్ను షెడ్డు బయట స్టూలు మీద కూర్చోబెట్టారు, రెండు చేతులూ కనబడేలా.

అంతా అయ్యాక మేనల్లుడు తల్లి దగ్గరికి వచ్చి తాళం చాచాడు.

“ముందే ఇస్తుండావే? పరీక్ష కావల్ల గదా ఇంకా.”

“పరీక్ష అయిపోయిందిలేమ్మా. తప్పింది మామ.”

“అయినా సరే, మాట మాటే. ఎక్కు.”

వాడు ఎక్కాడు. హెల్మెట్ కోసం చెయ్యి చాచి, తల్లి చూస్తోందని గమనించి, దాన్ని నా తల మీద పెట్టాడు. మళ్ళీ అదే రోడ్డు, అదే సిగ్నల్. ఈసారి ముందు ఒక సిటీ బస్సు కూడా ఉంది. ఎర్రలైటు దూరంగా కనబడగానే అక్క కాలు కదిలింది. ఒకసారి ఆనించింది, బండి తల ఊపింది. వదిలి మళ్ళీ ఆనించింది, మళ్ళీ తల ఊపింది. మూడోసారికి బస్సుకు రెండు బారల దూరంలో, ఇటు గానీ అటు గానీ ఒక్క వేలు జరగకుండా నిలబడింది.

“ఒక్కసారి చాలమ్మా దీనికి,” అన్నాడు కొడుకు.

“దానికి చాలు. నాకు చాలదు.”

దొడ్డబళ్ళాపురంలో మొదటి ఇంటి ముందు ఆపేసరికి మగ్గం ఆపి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. గురువారం మనిషి శనివారం వచ్చిందేమిటని అడిగితే, అక్క పీట మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తొమ్మిది ఇళ్ళలోనూ చెప్పింది. ప్రతి ఇంట్లో బొట్ల లెక్క పెరిగింది. ఆఖరి ఇంటికి వచ్చేసరికి నేను బ్రేకుకు అష్టోత్తరం చేసి ఉన్నాను. మేనల్లుడు తొమ్మిది కాఫీలు తాగాడు. క్యాబు డ్రైవరు ఇంతసేపు ఆగేవాడు కాదని తిరిగి వచ్చేటప్పుడు వాడే అన్నాడు.

మొన్న ఆయుధపూజకు మళ్ళీ షెడ్డుకు వెళ్ళాం. చక్రాలు నాలుగూ బిగించే ఉంచాడు మెకానిక్. నట్లు కూడా ఒకసారి చూసుకున్నాడట, నేను వస్తున్నానని. హారతి పళ్ళెం ఈసారి అక్కే పట్టుకుంది. వంగలేనన్నావిడ ఏ ఇబ్బందీ లేకుండా వంగింది. బానెట్‌కు, పనికిరాని పాత గేరు కర్రకు, తాళానికి బొట్టు పెట్టింది. తరువాత నన్ను పిలిచి, నా కుడిచేతి బొటనవేలు పట్టుకుని దానికీ ఒక బొట్టు పెట్టింది.

“ఇన్నిట్లోకి అపాయమైన ఆయుధం ఇదే,” అంది మెకానిక్‌తో. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పని మాత్రం నాకిచ్చారు.

ఆ గురువారం నాకు జలుబు చేసి ఆమెతో వెళ్ళలేదు. గేటు దగ్గర నిలబడి చూశాను. ఉద్ద కారు నిండా నూలు, పాత కర్రకు వేలాడుతున్న ఆమె చేతిసంచి. బండి చప్పుడు లేకుండా వీధి చివరికి పోయింది. మలుపు దగ్గర వెనక ఎర్రలైట్లు వెలిగాయి. ఆరాయి. వెలిగాయి. ఆరాయి. మూడోసారి వెలిగి, నిలిచి, అప్పుడు తిరిగాయి.

గేటు దగ్గర నా కాలు కూడా మూడుసార్లు నేలను తొక్కింది.